కెమెరా చూసినట్టుగా: విజువల్ ఎఫెక్ట్స్ అసలుకూ నకిలీకీ మధ్య గీతను ఎలా చెరిపేస్తాయి

ఎవరూ ముట్టుకోని, ఎలాంటి మార్పూ చేయని ఒక డిజిటల్ ఫొటో తీసుకోండి. అందులోని రంగుల సమాచారంలో మూడింట రెండు వంతులు కెమెరా కొలిచినది కాదు, లెక్కగట్టినది. సెన్సర్ మీద ప్రతి పిక్సెల్ ముందూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఏదో ఒక్కటే ఉంటుంది. మిగతా రెండు రంగులను చుట్టుపక్కల పిక్సెళ్లను చూసి సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది. ఫోన్ కెమెరా ఇంకా ముందుకు పోతుంది. మనం ఒక్కసారి నొక్కితే అది వరసగా అనేక ఫ్రేములు తీసి, చెయ్యి వణుకును సరిచేసి, వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి, నాయిస్ (బొమ్మలో చెదిరిన గరుకు చుక్కలు) తుడిచి, ముఖాన్ని కాస్త వెలిగించి, ఆకాశాన్ని కాస్త తగ్గించి ఒక బొమ్మను చేతిలో పెడుతుంది. పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనక కనిపించే మసక లెన్సు వల్ల వచ్చింది కాదు. ఏది ఎంత దూరంలో ఉందో అంచనా కట్టి సాఫ్ట్‌వేర్ పూసింది. ఆ అంచనా తప్పినచోట చెవి పక్కన రేగిన వెంట్రుకలు వెనకున్న గోడతోపాటు మసకలో కలిసిపోతాయి.

మరి ‘అసలు ఫొటో’ అంటే ఏది? అసలు, నకిలీ అంటూ సాగే చర్చలన్నీ ఈ ప్రశ్నను దాటేసి మొదలవుతాయి, అందుకే తెగవు. కంప్యూటర్ బొమ్మ నిజంలా ఉందని మనం మెచ్చుకున్నప్పుడు, అది కెమెరాతో తీసినట్టు ఉందని మాత్రమే అంటున్నాం. కంటితో చూసే కొండకు గ్రెయిన్ (కెమెరా బొమ్మలోని సన్నటి గరుకు) ఉండదు, అంచుల్లో ఊదా చారలు ఉండవు, చూపు తిప్పితే అది ఒక పక్కకు సాగిపోదు. తెరమీది కొండకు ఇవన్నీ ఉంటాయి. లేకపోతేనే మనకు అనుమానం వస్తుంది. విజువల్ ఎఫెక్ట్స్ పనివాళ్లు దశాబ్దాలుగా ప్రపంచం కంటే ఎక్కువగా చదివింది కెమెరానే. ఇది పట్టుకుంటే కొన్ని షాట్లు ఎందుకు దొరికిపోతాయో, చాలా షాట్లు ఎందుకు దొరకవో తెలుస్తుంది.

ఎగిరే రాక్షసిని చూసి ఎవరూ మోసపోరు. అది లేదని ముందే తెలుసు. గీత చెరిగిపోయేది కారు కిటికీలోంచి కదిలిపోయే వీధి దగ్గర, ఒక అంతస్తు మాత్రమే కట్టి పైన నాలుగు అంతస్తులు చేర్చిన భవనం దగ్గర, మబ్బు పట్టిన రోజున తీసిన షాట్‌లోకి తెచ్చిన సాయంత్రపు ఆకాశం దగ్గర, నటుడి నడుముకు కట్టిన తీగ తుడిచేసిన చోట. ప్రేక్షకుడు ఇక్కడ ప్రశ్న అడగడు కాబట్టి జవాబు వెతకడు.

ఒక వెంట్రుక, ఒక పిక్సెల్

అన్నిటికంటే పాత పని రెండు బొమ్మలను ఒకటిగా అతికించడం. మనిషిని ఒకచోట ఆకుపచ్చ తెర ముందు, నేపథ్యాన్ని మరోచోట తీసి కలపాలంటే ప్రతి పిక్సెల్‌కూ ఒక ప్రశ్న వేయాలి: ఇందులో మనిషి ఎంత, వెనకాల ఎంత? ఆ జవాబును ఆల్ఫా అంటారు, సున్నా నుంచి ఒకటి దాకా. కలిపే లెక్కలను థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో సూత్రాలుగా రాసిపెట్టారు. నేటి కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్లన్నీ వాటి మీదే నడుస్తున్నాయి.

గాలికి లేచిన ఒక వెంట్రుక ఒక పిక్సెల్‌లో 30 శాతం మాత్రమే ఆక్రమించిందనుకోండి. మిగతా 70 శాతం ఆకుపచ్చ తెర. ఆల్ఫా 0.3. తెరను తీసేసి వెనక ఆకాశం పెట్టాలంటే వెంట్రుక తాలూకు 0.3 వంతుకు ఆకాశం తాలూకు 0.7 వంతు కలపాలి. చిక్కేమిటంటే, కెమెరా ఆ పిక్సెల్‌లో వెంట్రుకనూ తెరనూ విడివిడిగా రాయలేదు. కలిసిపోయిన ఒకే రంగును రాసింది. అందులోంచి ఆకుపచ్చను పూర్తిగా తీయకపోతే తల చుట్టూ పచ్చటి అంచు మిగులుతుంది. ఎక్కువ తీస్తే వెంట్రుకలు తెగి, తల కత్తిరించి అంటించిన అట్టలా అవుతుంది.

తెర ఆకుపచ్చగా ఉండటానికి కారణం సెన్సర్‌లోనే ఉంది. మామూలు సెన్సర్‌లో సగం పిక్సెళ్లు ఆకుపచ్చవే. హెచ్‌డీ ప్రమాణంలో వెలుతురును లెక్కించేటప్పుడు ఆకుపచ్చకు ఇచ్చే వాటా దాదాపు 72 శాతం, నీలానికి 7 శాతం. అంటే ఆకుపచ్చ చానల్లో వివరం ఎక్కువ, నాయిస్ తక్కువ. అయినా రాత్రి సన్నివేశాలకూ, బంగారు రంగు జుట్టుకూ నీలం తెరే మేలు. ఒంటిమీద మిగిలిపోయిన నీలి ఛాయ రాత్రి వెలుగులో కలిసిపోతుంది, ఆకుపచ్చ ఛాయ ఎక్కడా కలవదు.

షూటింగ్‌లో చేసే తప్పులే తర్వాత వారాల పనిగా మారతాయి. తెర మీద వెలుతురు ఒక మూల నుంచి మరో మూలకు అర స్టాపుకు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) మించి తేడా ఉండకూడదు. నటుడు తెరకు కనీసం రెండున్నర, మూడు మీటర్ల ముందు నిలబడాలి. దగ్గరైతే తెర నుంచి తిరిగొచ్చే పచ్చటి వెలుగు బుగ్గలకూ భుజాలకూ అంటుకుంటుంది. దాన్ని తీయడానికి వాడే లెక్క మోటుది: ఒక పిక్సెల్‌లో ఆకుపచ్చ విలువ ఎరుపు, నీలాల సగటును మించితే ఆ సగటుకు కుదించు. ముఖానికి ఇది సరిపోతుంది. పసుపు చొక్కా వేసుకుంటే మాత్రం అది నారింజ రంగుకు తిరుగుతుంది, ఎందుకంటే పసుపులో ఆకుపచ్చ సహజంగానే ఎక్కువ. అప్పుడు సగటుకు బదులు రెండింటిలో పెద్ద విలువను హద్దుగా పెట్టాలి.

రికార్డింగ్ ఫార్మాట్ కూడా చూసుకోవాలి. 4:2:0లో తీస్తే నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు సమాచారం ఉంటుంది. కంటికి తేడా తెలియదు కానీ రంగును బట్టి అంచును కోసే పనికి అది మొద్దు కత్తి. 4:2:2 కాస్త నయం, 4:4:4 అసలైన దారి.

కొత్తవాళ్లు ఎక్కువగా జారిపడే చోటు మరొకటుంది. నలుపు, తెలుపు సగం సగం కలిస్తే ఎంత? ఫైల్‌లోని అంకెలను సగటు చేస్తే 255లో 128 వస్తుంది. కానీ ఆ అంకెలు వెలుతురుకు నేరుగా అనుపాతంలో ఉండవు. 128 అంటే నిజమైన వెలుతురులో దాదాపు 22 శాతమే. నిజంగా సగం వెలుతురు కావాలంటే విలువ 188 ఉండాలి. ఈ మార్పిడి చేయకుండా కలిపితే మసక అంచులన్నీ మసిబారి, మనిషి చుట్టూ సన్నటి నల్లగీత గీసినట్టు కనిపిస్తుంది. చూసేవాడు కారణం చెప్పలేడు, ‘గ్రాఫిక్స్‌లా ఉంది’ అని మాత్రం అంటాడు. అందుకే లెక్కంతా వెలుతురు విలువల్లో చేసి, చివర్లో తెరకు తగ్గట్టు మారుస్తారు. అందుకు అనువైన ఈఎక్స్‌ఆర్ ఫైల్ ఫార్మాట్‌ను ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ అనే విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ 2003లో అందరికీ ఉచితంగా ఇచ్చింది.

లేని కెమెరాను కనిపెట్టడం

కదిలే షాట్‌లో లేని వస్తువును నిలబెట్టాలంటే, అసలు కెమెరా ప్రతి ఫ్రేములో ఎక్కడుందో, ఎటు చూస్తోందో తెలియాలి. ఈ పనిని మ్యాచ్‌మూవ్ అంటారు. సాఫ్ట్‌వేర్ షాట్‌లో గుర్తుపట్టదగ్గ చుక్కలను ఏరుకుని వెంబడిస్తుంది. కెమెరా కదిలితే దగ్గరివి ఎక్కువ, దూరపువి తక్కువ జరుగుతాయి. ఆ తేడాల నుంచి కెమెరా దారినీ, చుక్కల లోతునూ ఒకేసారి సాధిస్తుంది. సాధించిన త్రీడీ చుక్కలను తిరిగి బొమ్మ మీద వేసి చూస్తే తేడా ఒక పిక్సెల్‌లోపు ఉండాలి. అంతకు మించితే నేలమీద నిలబెట్టిన వస్తువు నీళ్లమీద తేలినట్టు జారుతుంది.

కెమెరా ఒకేచోట ఉండి అటూ ఇటూ తిరిగితే లోతు తెలిసే దారి లేదు. నీళ్లు, ఆకులు, జనం చుక్కలుగా పనికిరావు, అవి వాటంతట అవి కదులుతాయి. చాలా డిజిటల్ కెమెరాలు ఫ్రేమును పైనుంచి కిందికి వరసవారీగా చదువుతాయి కాబట్టి వేగంగా తిప్పితే నిటారు స్తంభం ఒరిగిపోతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే చేర్చిన స్తంభం నిటారుగా, పక్కనున్న అసలు స్తంభం ఒరిగి కనిపిస్తాయి. లెన్సు సరళరేఖలను కొంచెం వంచుతుంది. అందుకని గళ్ల చార్టును అదే లెన్సుతో తీసి, ఆ వంపును కొలిచి, ప్లేటును (అసలు కెమెరాతో తీసిన షాట్‌ను) ముందు సరిచేసి, పని అయ్యాక మళ్లీ అదే వంపు తెస్తారు. కంప్యూటర్ గీసిన కచ్చితమైన సరళరేఖను చెడగొట్టి అసలుతో సమానం చేయడమే ఇక్కడ పని.

వెలుగు దగ్గరే అసలు పరీక్ష

ఆకారం కుదిరాక కూడా వస్తువు అతికించినట్టు ఉంటే తప్పు దాదాపు ఎప్పుడూ వెలుగుదే. 1998లో పాల్ డెబెవెక్ చూపిన పద్ధతి ఇక్కడ దారి మార్చింది: షూటింగ్ చోట నాలుగు వైపులా ఉన్న వెలుతురును కొలిచి, ఆ కొలతతోనే కంప్యూటర్ వస్తువును వెలిగించడం.

షాట్ అవగానే, వస్తువు రావాల్సిన చోటే ముందు ఒక బూడిదరంగు బంతినీ, తర్వాత అద్దంలాంటి క్రోమ్ బంతినీ పట్టుకుని తీస్తారు. పక్కనే రంగుల చార్టు. ఆ తర్వాత చేపకన్ను లెన్సుతో చుట్టూ, రెండు మూడు స్టాపుల తేడాతో ఐదు నుంచి ఏడు ఎక్స్‌పోజర్లు. మార్చేది షటర్ ఒక్కటే. అపర్చర్ మారితే మసక మారుతుంది, ఆటో వైట్ బ్యాలెన్స్ ఉంటే రంగు మారుతుంది, రెండూ కొలతను పాడుచేస్తాయి.

ఎండలో మాత్రం ఇది తరచూ దెబ్బతింటుంది. సూర్యబింబం పక్కనున్న నీలాకాశం కంటే లక్ష రెట్లకు పైగా ప్రకాశవంతం. అన్ని ఎక్స్‌పోజర్లు తీసినా సూర్యుడి దగ్గర సెన్సర్ నిండిపోయి, అసలు విలువ తెగిపోతుంది. ఆ కొలతతో వెలిగిస్తే మిట్టమధ్యాహ్నపు వస్తువుకు మబ్బురోజు నీడ పడుతుంది. అందుకని బొమ్మలోంచి సూర్యుణ్ని తీసేసి వేరే దీపంగా పెట్టి, బూడిద బంతిమీద ఎండ భాగం, నీడ భాగం నిష్పత్తి కుదిరేదాకా దాన్ని పెంచుతారు. దీపం పరిమాణం కూడా ముఖ్యమే. ఆకాశంలో సూర్యుడు అర డిగ్రీ వెడల్పు. దానివల్ల మీటరు దూరంలో పడే నీడ అంచు దాదాపు 9 మిల్లీమీటర్ల మేర మెత్తబడుతుంది. పాదం దగ్గర గీసినట్టున్న నీడ, తల దగ్గరికి వచ్చేసరికి కరిగినట్టుండటం ఇందుకే. మొత్తం నీడకు ఒకే పదును ఇస్తే కన్ను ఒప్పుకోదు.

వెలుగు వస్తువు నుంచి వస్తువుకు ఎలా తిరుగుతుందో జేమ్స్ కజియా 1986లో ఒక సమీకరణంగా రాశాడు. నేటి రెండరర్లు (త్రీడీ దృశ్యాన్ని లెక్కగట్టి బొమ్మగా గీసే సాఫ్ట్‌వేర్లు) దాన్ని యాదృచ్ఛిక కిరణాలతో సాధిస్తాయి. ఇందులో కఠినమైన ఖర్చు ఒకటుంది: నాయిస్ సగం కావాలంటే కిరణాలు నాలుగు రెట్లు కావాలి. అందుకే ఆఖరి నాయిస్‌ను ఈ రోజుల్లో నేర్పిన న్యూరల్ నెట్‌వర్కు ఊహించి తుడుస్తుంది. మొదట చెప్పిన ఫోన్ కెమెరా చేసేదీ ఇలాంటి పనే. అసలు ఫొటో, కంప్యూటర్ బొమ్మ చివరి మెట్టులో ఒకే రకం జల్లెడలోంచి దిగుతున్నాయి.

మచ్చలు పెట్టే పని

ఇక్కడిదాకా వచ్చిన బొమ్మ భౌతికంగా సరైనదే. అయినా మరీ శుభ్రంగా ఉండి పట్టుబడుతుంది. సెకనుకు 24 ఫ్రేముల్లో, 180 డిగ్రీల షటర్‌తో (అంటే ప్రతి ఫ్రేము సమయంలో సగం సేపే తెరిచి ఉండే షటర్‌తో) తీసిన ప్లేటులో ప్రతి కదలికా సెకనులో 48వ వంతు సాగి ఉంటుంది. చేర్చిన వస్తువుకు అంతే సాగుడు ఇవ్వాలి, తక్కువైతే గెంతుతున్నట్టుంటుంది. తర్వాత గ్రెయిన్. ప్లేటు గ్రెయిన్‌ను ముందు విడదీసి, పని శుభ్రమైన బొమ్మమీద చేసి, చివర్లో తిరిగి కలుపుతారు. మూడు చానళ్లకూ ఒకే గ్రెయిన్ వేయడం తప్పు. సాధారణంగా నీలం చానల్ అన్నిటికంటే గరుకుగా ఉంటుంది, చీకటి భాగాలకూ వెలుగు భాగాలకూ తేడా ఉంటుంది. మారని భాగాల మీద కూడా కొత్త గ్రెయిన్ పడితే రెండు పొరలై అది ఇంకో రకంగా బయటపడుతుంది.

ఇక నలుపు. ఇది చిన్నదిగా కనిపిస్తుంది కానీ అతికించిన వస్తువును పట్టిచ్చే మొదటి సాక్ష్యం ఇదే. దూరం పెరిగేకొద్దీ మధ్యలోని గాలి, ధూళి నలుపును బూడిదలోకి ఎత్తుతాయి. లెన్సులో చెదిరిన వెలుగు కూడా ఎత్తుతుంది. రెండు వందల మీటర్ల అవతల పెట్టిన భవనపు కిటికీ, అదే దూరంలోని అసలు కిటికీ కంటే నల్లగా ఉంటే పని చెడినట్టే. తనిఖీకి మంచి అలవాటు: తెర గామాను (అంటే చీకటి, మధ్య ఛాయల వెలుతురును) బాగా పైకి లేపి చూడాలి, తర్వాత బాగా కిందికి దించి చూడాలి, ఆపైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానళ్లను ఒక్కొక్కటిగా నలుపు తెలుపుల్లో చూడాలి. మామూలు తెరమీద కలిసిపోయిన అతుకు మూడింటిలో ఏదో ఒకదానిలో లేచి నిలబడుతుంది. దొంగ షాట్‌ను పట్టుకోవాలనుకునేవాళ్లకూ ఈ అలవాటు అంతే పనికొస్తుంది.

ఎల్‌ఈడీ గోడలు వచ్చాక ఈ శ్రమలో కొంత షూటింగ్‌లోకే మారిపోయింది. గేమ్ ఇంజిన్ గీసిన నేపథ్యం నటుల వెనక నిజమైన గోడమీద వెలుగుతుంది, కెమెరా కదిలితే దానికి తగ్గట్టు దృష్టికోణం మారుతుంది. లెన్సు, గ్రెయిన్, మెరుపులు, జుట్టు అంచులు అన్నీ ఒకేసారి ఒకే కెమెరాలో రికార్డవుతాయి. అతుకు అనేదే ఉండదు. దీని కష్టాలు వేరు. ఫోకస్ గోడమీదికి వెళ్తే చారలు పడతాయి. కెమెరాను వేగంగా తిప్పితే నేపథ్యం కొన్ని ఫ్రేములు వెనకబడుతుంది. గోడ ఇచ్చే వెలుగులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ఇరుకైన పట్టీలే ఉంటాయి కాబట్టి చర్మం రంగు అసహజంగా తిరుగుతుంది. అందుకే ముఖానికి వేరే మంచి దీపాలు పెట్టక తప్పదు.

ముఖం

భవనాన్ని నమ్మించినంత తేలిగ్గా ముఖాన్ని నమ్మించలేరు. మనిషిని పోలినది ఒక హద్దుదాకా ఇష్టమై, ఆ తర్వాత పోలిక పెరుగుతున్నా ఒక్కసారిగా ఏవగింపు పుట్టిస్తుందని జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే రాశాడు. డిజిటల్ ముఖాలు చాలాకాలం ఆ గుంటలోనే ఇరుక్కున్నాయి.

కారణాలు సూక్ష్మమైనవి. ముఖంమీద నేరుగా పడిన వెలుతురులో సుమారు 3 శాతమే పైపొరమీంచి మెరుపుగా తిరిగొస్తుంది. మిగిలినది లోపలికి దిగి, చెదిరి, పక్కనుంచి బయటికొస్తుంది. ఎరుపు అన్నిటికంటే దూరం ప్రయాణిస్తుంది, అందుకే చర్మంమీద నీడ అంచు ఎర్రబడుతుంది, వెనక వెలుగుంటే చెవి తమ్మె ఎర్రగా మండుతుంది. హెన్రిక్ వాన్ జెన్సెన్ బృందం 2001లో ఈ చెదరడాన్ని లెక్కించే ఆచరణయోగ్యమైన దారి చూపేదాకా డిజిటల్ చర్మం మైనంలానో ప్లాస్టిక్‌లానో ఉండేది. ఇక కన్ను: కింది రెప్పకూ గుడ్డుకూ మధ్య సన్నటి తడిగీత, దానిమీద మెరిసే వెలుగు. అది తీసేస్తే చూపు చచ్చిపోతుంది. నిలకడగా చూస్తున్నప్పుడు కూడా కనుగుడ్లు చిన్నచిన్న గెంతులు వేస్తూనే ఉంటాయి, వాటిని నునుపు చేస్తే బొమ్మే.

కదలికలకు పునాది పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీజన్ 1978లో వేశారు. ముఖ కండరాల కదలికలను విడివిడి చర్యలుగా గుర్తించి అంకెలిచ్చారు. నటుడి తలకు కట్టిన చిన్న కెమెరా ఆ చర్యలను చదివి డిజిటల్ ముఖానికి అందిస్తుంది. ఆ దారిలో ఒక మంచి ముఖానికి నెలల శ్రమ.

2017లో ‘డీప్‌ఫేక్’ అన్న పేరు వ్యాపించిన నాటి నుంచి వచ్చింది వేరే దారి. మొదటి తరం పద్ధతి ఇలా ఉంటుంది. ఇద్దరి ముఖాల చిత్రాలు వేల సంఖ్యలో సేకరిస్తారు. ఒకే ఎన్‌కోడర్ ఇద్దరినీ చూసి భంగిమ, భావం, వెలుగు అనే సారాన్ని కుదించడం నేర్చుకుంటుంది. ఆ సారం నుంచి ముఖాన్ని తిరిగి గీసే డీకోడర్లు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కటి. శిక్షణ అయ్యాక మొదటి వ్యక్తి ముఖాన్ని ఎన్‌కోడర్‌కు ఇచ్చి, రెండో వ్యక్తి డీకోడర్‌తో గీయిస్తే, మొదటివాడి నవ్వు రెండోవాడి ముఖంమీద పూస్తుంది. గీసిన చదరాన్ని కత్తిరించి, రంగు సరిచేసి, ముఖం చుట్టూ అతికిస్తారు. అంటే చివరికి ఇది కూడా కంపోజిటింగే, తప్పులూ ఆ బాపతువే: దవడ అంచున మసక, చెయ్యి ముఖానికి అడ్డొస్తే వేళ్లు కరగడం, పూర్తిగా పక్కకు తిరిగితే ముక్కు చెదరడం, పళ్లు ఒకే పలకగా మారడం.

మాటల వర్ణన నుంచే మొత్తం వీడియోను పుట్టించే నేటి డిఫ్యూజన్ నమూనాలు ఇంకో జాతి. విజువల్ ఎఫెక్ట్స్ షాట్ కింద ఒక త్రీడీ దృశ్యం ఉంటుంది: కెమెరా, దీపాలు, కొలతలు. ఇక్కడ అలాంటి దృశ్యం గీసిపెట్టి ఉండదు. కోట్ల చిత్రాల నుంచి నేర్చిన ‘ఇలా ఉంటే తర్వాత ఇలా ఉంటుంది’ అన్న అంచనా ఉంటుంది. గ్రెయిన్, లెన్సు మసక, చెయ్యి వణుకు కూడా ఆ చిత్రాల్లోంచే దానికి ఉచితంగా వచ్చేశాయి. పనివాళ్లు చేత్తో పెట్టిన మచ్చలను ఇది పుట్టుకతోనే పెట్టుకొస్తుంది. కాబట్టి దీని తప్పులను మచ్చల్లో వెతకకండి, జ్ఞాపకంలో వెతకండి: స్తంభం వెనక్కి వెళ్లిన మనిషి ఇవతలికి వచ్చేసరికి చొక్కా గుండీలు మారతాయి, కెమెరా తిరిగొచ్చేసరికి భవనానికి ఒక కిటికీ తగ్గుతుంది, బోర్డుమీద అక్షరాలు అక్షరాల్లా ఉంటాయి కానీ చదవలేం.

సాక్ష్యం ఎక్కడ మాయమవుతుంది

స్టూడియోలో పెద్ద తెరమీద పట్టుబడే షాట్ ఫోన్‌లో ఎందుకు దాటిపోతుంది? వీడియో కుదింపు వల్ల. కుదింపు బొమ్మను చిన్నచిన్న చదరాలుగా కోసి, ప్రతి చదరంలో సూక్ష్మ వివరాన్ని ముందుగా పారేస్తుంది. గ్రెయిన్, వెంట్రుక అంచు, రంగు అతుకు అన్నీ సూక్ష్మ వివరాలే. మొదటి అప్‌లోడ్‌లో కొంత, ఒకరి నుంచి ఒకరికి పంపేటప్పుడు మరికొంత పోతాయి. మూడు నాలుగు చేతులు మారిన క్లిప్పులో అసలు వీడియో, నకిలీ వీడియో ఒకే మాదిరి ముద్దగా మిగులుతాయి. మసక వీడియో ‘దొరికిన సాక్ష్యం’లా కనిపించడం ఈ వ్యవహారంలో పెద్ద ప్రమాదం, ఎందుకంటే మసకే నకిలీకి అన్నిటికంటే మంచి ముసుగు.

2022 మార్చిలో యుక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ లొంగిపోమని సైనికులకు చెబుతున్నట్టున్న వీడియో వచ్చింది. తల ఒంటికి అతకలేదు, జనం వెంటనే పట్టుకున్నారు. 2024లో బయటపడ్డ హాంకాంగ్ మోసం వేరు: బ్రిటిష్ ఇంజినీరింగ్ సంస్థ అరూప్ ఉద్యోగి వీడియో సమావేశంలో కనిపించిన పైఅధికారులు నకిలీలని తెలియక సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశారు. రెండేళ్లలో సాంకేతికత పెరిగింది నిజమే, కానీ సందర్భం కూడా మారింది. వీడియో కాల్‌లో చిన్న చదరంలో, తరచూ తెగే బొమ్మను అనుమానించడం ఎవరికీ అలవాటు లేదు.

పైగా చాలా మోసాలకు ఇంత సాంకేతికత అక్కర్లేదు. 2019లో అప్పటి అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ మత్తులో మాట్లాడుతున్నట్టు తిరిగిన వీడియోలో చేసింది వేగాన్ని సుమారు 75 శాతానికి తగ్గించడమే. ‘ఆర్మా 3’ అనే గేమ్ దృశ్యాలు యుద్ధ వీడియోలుగా ఎంతగా తిరిగాయంటే, దాన్ని తయారుచేసిన బొహీమియా ఇంటరాక్టివ్ 2022లో వాటిని గుర్తుపట్టడం ఎలాగో స్వయంగా ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. రాత్రి, దూరం, వణికే కెమెరా ఉంటే గేమ్ గ్రాఫిక్స్ చాలు.

కన్ను వదిలేసిన చోట స్కేలు పెట్టండి

మనుషులు వివరాన్ని బాగా చూస్తారు, వెలుగు దిశను బాగా చూడరు. యూరీ ఒస్ట్రోవ్‌స్కీ, పాట్రిక్ కవనా, పవన్ సిన్హా 2005లో చేసిన ప్రయోగాల్లో దృశ్యంలో ఒక వస్తువుమీద వెలుగు తప్పు దిశ నుంచి పడుతున్నా చూసేవాళ్లు తొందరగా గుర్తించలేకపోయారు. కాబట్టి నీడ ‘తేడాగా ఉంది’ అన్న అభిప్రాయాన్ని నమ్మొద్దు, గీత గీసి చూడండి.

ఒక నిశ్చల ఫ్రేము తీసుకోండి. ఒక వస్తువుమీద స్పష్టమైన బిందువు, దాని నీడలో అదే బిందువు గుర్తించి రెండింటి మీదుగా గీత పొడిగించండి. కనీసం ముగ్గురు మనుషులకో వస్తువులకో ఇలాగే గీయండి. వెలుగు ఒక్కటే అయితే, అది సూర్యుడైనా దీపమైనా, గీతలన్నీ బొమ్మలోనో బొమ్మ బయటో ఒకేచోట కలవాలి, లేదా అన్నీ సమాంతరంగా పోవాలి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా ఈ నియమం చెడదు. ఒక్క గీత మాత్రం బాగా పక్కకు పోతే ఆ వస్తువు తర్వాత వచ్చి చేరింది. అద్దంలో, నీళ్లలో ప్రతిబింబాలకూ ఇదే పరీక్ష: వస్తువునూ ప్రతిబింబాన్నీ కలిపే గీతలు ఒకే బిందువు వైపు పోవాలి. గుర్తించిన బిందువులో రెండు మూడు పిక్సెళ్ల పొరపాటు గీత చివర చాలా పెద్ద తేడా అవుతుంది, అందుకని నీడ అంచు మెత్తగా ఉన్నచోట ఎంచుకోకండి. ఒక హెచ్చరిక: ఈ పరీక్షలో తప్పితే అతుకు ఉన్నట్టు. నెగ్గితే అసలని కాదు. మంచి త్రీడీ షాట్ ఎప్పుడూ నెగ్గుతుంది.

ఇంతకంటే ముందు చేయాల్సిన పని మామూలుది. వీడియోలో స్పష్టమైన నాలుగైదు ఫ్రేములను వేరుచేసి సెర్చ్ ఇంజిన్‌లో బొమ్మ ద్వారా వెతకండి. పాత సంఘటన వీడియోకు కొత్త వ్యాఖ్య తగిలించి ఉంటే ఇక్కడే తేలిపోతుంది. దొరికినవాటిలో పొడవైన, స్పష్టమైన కాపీనే పరీక్షించండి.

‘నకిలీ 97 శాతం’ అని అంకె చెప్పే గుర్తింపు సాఫ్ట్‌వేర్‌ను తీర్పుగా తీసుకోకూడదు. అవి తమకు చూపించిన రకం నకిలీలను పట్టుకుంటాయి, కొత్త నమూనా వచ్చినా, వీడియోను బాగా కుదించినా తడబడతాయి. 2018లో డీప్‌ఫేక్ ముఖాలు కన్నార్పడం లేదని పరిశోధకులు చూపించారు. శిక్షణ ఫొటోల్లో మూసిన కళ్లు అరుదు కాబట్టి అలా జరిగింది. ఆ లోపం ఎంతోకాలం నిలవలేదు. పట్టుకునే ప్రతి గుర్తూ, ప్రకటించిన రోజు నుంచి సరిదిద్దే జాబితాలో చేరుతుంది.

దీనికి మరో వైపు ఉంది. నకిలీ సాధ్యమని అందరికీ తెలిశాక, అసలు వీడియోలో దొరికిపోయినవాడు కూడా ‘అది నకిలీ’ అని తప్పించుకోవచ్చు. న్యాయశాస్త్ర పండితులు రాబర్ట్ చెస్నీ, డేనియల్ సిట్రన్ 2019లో అచ్చైన వ్యాసంలో దీన్ని అబద్ధాలకోరుకు దక్కే లాభంగా వర్ణించారు. అసలును అసలని రుజువు చేసే దారి కూడా కావాలన్నమాట.

ఆ దారిలో జరుగుతున్న పని 2021లో ఏర్పడ్డ సీ2పీఏ కూటమి తెచ్చిన ప్రమాణం, అంటే బొమ్మ ఎక్కడ పుట్టిందో, ఎలా మారిందో నమోదుచేసే పద్ధతి. కెమెరా ఫొటో తీసిన క్షణంలోనే బొమ్మ నుంచి ఒక హ్యాష్ (వేలిముద్రలాంటి అంకె) లెక్కించి, తన రహస్య తాళంచెవితో సంతకం చేస్తుంది. తర్వాత ఈ ప్రమాణాన్ని పాటించే సాఫ్ట్‌వేర్‌లో చేసిన మార్పులు కూడా వరసగా నమోదవుతాయి. 2023లో లైకా ఎం11-పీ ఈ సంతకంతో అమ్మకానికొచ్చిన మొదటి కెమెరా. సంతకం తర్వాత ఒక్క పిక్సెల్ గుట్టుగా మారినా లెక్క తప్పుతుంది. కానీ అప్‌లోడ్ చేసినప్పుడు చాలా వేదికలు ఆ సమాచారాన్ని తీసేస్తాయి, అప్పుడు సంతకం లేని అసలు ఫొటోకూ నకిలీకీ తేడా ఉండదు. ఇంకో కంత ఉంది: తెరమీద నకిలీ బొమ్మ పెట్టి సంతకం చేసే కెమెరాతో దాన్ని ఫొటో తీస్తే సంతకం నిజమైనదే వస్తుంది. దీన్ని అడ్డుకోవడానికి సోనీ తన పద్ధతిలో లోతు కొలతను కూడా సంతకంలో చేర్చింది. బల్లమీది తెర చదునుగా ఉందని ఆ కొలత చెప్పేస్తుంది. ముందు నిజమైన మనుషులు, ఎన్నో మీటర్ల వెనక ఎల్‌ఈడీ గోడ ఉంటే మాత్రం పని కష్టం: మనుషులకు లోతు నిజంగానే ఉంటుంది, దూరం పెరిగేకొద్దీ ఒకే లెన్సు వెనక నుంచి కొలిచే లోతు మొరటుగా మారుతుంది, గోడ ఎక్కడుందో, గోడమీది కొండ ఎక్కడున్నట్టు కనిపిస్తోందో విడదీసేంత కచ్చితత్వం ఆ కొలతకు మిగలదు.